మే నెల ఉక్కలో పరుగు: వేగం ఎందుకు పడిపోతోంది, ఏం కొనాలి, ఊళ్లు తిరిగేటప్పుడు సాధన ఎలా?

తణుకు_గట్టు
ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్‌కి (21.1 కిలోమీటర్లు) పేరు ఇచ్చానండి. ఫిబ్రవరిలో కిలోమీటరు 6:20 (6 నిమిషాల 20 సెకన్లు) చొప్పున 12 కిలోమీటర్లు హాయిగా సాగేది. ఇప్పుడు అదే కాలువ గట్టు, అవే బూట్లు, 7:10 కూడా నిలవట్లేదు. గుండె 160 దాటేస్తోంది. పొద్దున్న 5 గంటలకి ఫోన్‌లో 28 డిగ్రీలు, తేమ 85 శాతం. సాయంత్రం 5:30కి 36 డిగ్రీలు, తేమ 52 శాతం. తేమ తక్కువ కదా అని సాయంత్రానికి మార్చుకోవచ్చా?
రెండోది, ఉద్యోగం మీద నెలకి పది రోజులు భీమవరం, కాకినాడ, హైదరాబాద్ తిరగాలి. ఆ రోజుల్లో ఏం చెయ్యాలి? మూడోది, ఉన్నవి ఒక జత బూట్లు, రెండు కాటన్ టీషర్టులు. ఏం కొనాలో, ఏం అక్కర్లేదో చెప్పండి.

లాకు_మాస్టారు
తణుకు గారూ, మీ కాళ్లకేం కాలేదండి, గాలికి అయింది. తేమ శాతం అనేది ఆ వేడి దగ్గర గాలి మోయగలిగిన నీటిలో ఇప్పుడు ఎంత మోస్తోందో చెప్పే లెక్క. నీళ్లు మారకపోయినా వేడి మారితే శాతం మారిపోతుంది.
మీ అంకెలే తీసుకుందాం. 28 డిగ్రీల దగ్గర 85 శాతమంటే ఘనపు మీటరు గాలిలో దాదాపు 23 గ్రాముల నీటి ఆవిరి. 36 దగ్గర 52 శాతమంటే దాదాపు 22 గ్రాములు. రెండు పూటలా గాలిలో నీళ్లు ఇంచుమించు ఒకటే, కాబట్టి చెమట ఆరే వీలూ ఒకటే. మరి సాయంత్రం అదనంగా వచ్చేదేంటి? పరుగులో ఒంటి చర్మం 35 డిగ్రీల దగ్గర ఉంటుంది, గాలి 36. ఆ గాలి చల్లార్చకపోగా ఇంకాస్త వేడి అంటిస్తుంది. పైన ఎండ, కింద పగలంతా కాలిన తారు. పొద్దున్నే పరిగెత్తండి.
ఫిబ్రవరి తెల్లవారుజామున 20 డిగ్రీలు, అదే 85 శాతం అనుకున్నా 15 గ్రాములే. మీ 6:20 ఆ గాలిది.
ఫోన్‌లో తేమ శాతం వదిలేసి డ్యూ పాయింట్ చూడండి. గాలిని ఎన్ని డిగ్రీలకి చల్లార్చితే మంచు పడుతుందో చెప్పే అంకె అది. 18 లోపు హాయి. 21 దాటితే ఒంటికి తెలుస్తుంది. 24 దాటితే గడియారంలో వేగం చూడ్డం మానెయ్యాలి. మీ పొద్దున్నా సాయంత్రమూ 25 అటూ ఇటూ. ఏప్రిల్, మే నెలల్లో కాలువలు కట్టేస్తారు సరే, చెరువుల్నీ సముద్రాన్నీ కట్టెయ్యలేం కదండీ.

ఉప్పాడ_కెరటం
సముద్రం పక్కన ఉన్నవాళ్లకి ఈ లెక్క పూర్తిగా వర్తించదు మాస్టారూ. కాకినాడ బీచ్ రోడ్డులో పొద్దుగూకాక పైరగాలి గట్టిగా తగులుతుంది. గాలి కదిలితే ఒంటి చుట్టూ పేరుకున్న ఆవిరి కొట్టుకుపోతుంది, అదే డ్యూ పాయింట్‌లోనూ చెమట ఆరుతుంది. 6:45 తర్వాత 40 నిమిషాల తేలిక పరుగుకి ఏ ఢోకా లేదు.

లాకు_మాస్టారు
ఒప్పుకున్నాను. కానీ రాజమండ్రి, తణుకు, తాడేపల్లిగూడెం దాకా వచ్చేసరికి ఆ గాలిలో ఊపు ఉండదు. పడమటి గాలి తిరిగిన రోజైతే సాయంత్రం అసలు వద్దు. ఆ రోజు డ్యూ పాయింట్ తక్కువే చూపిస్తుంది, కానీ వడగాలి 42 డిగ్రీలతో కొడుతుంటుంది.

వైనతేయ_ఒడ్డు
గాలి మాటొచ్చింది కాబట్టి ఒకటి. కొబ్బరి తోటల్లో దారి నీడగా ఉంటుందని మే నెలలో అటు పోతారు. తెల్లవారుజామున ఎండే లేనప్పుడు నీడతో పనేముంది? తోటలో గాలి ఆడదు, మట్టి తడి పైకి లేస్తుంది. ఏటిగట్టు ఎత్తుగా ఉంటుంది, గాలికి అడ్డం ఉండదు. 6:30 దాకా గట్టు, ఆ తర్వాత మిగిలితే తోట.
గాలికి వెన్నిచ్చి మొదలుపెట్టి, ఎదురుగాలితో తిరిగి రండి. వెనక నుంచి వచ్చే గాలి మీ వేగంతోనే నడిస్తే ఒంటికి గాలే తగలదు. ఒళ్లు చల్లగా ఉన్న మొదటి సగంలో అది భరించొచ్చు, రెండో సగంలో కాదు. గాలి ఎటుందో కొబ్బరి మట్ట చూస్తే తెలుస్తుంది.

నాలుగుంపావు
సాధన సంగతి. ఎండకి ఒళ్లు అలవాటు పడ్డానికి 10 నుంచి 14 రోజులు కావాలి. మొదటి నాలుగైదు రోజుల్లో రక్తంలో నీటి భాగం పెరుగుతుంది, గుండె వేగం కాస్త దిగుతుంది. తర్వాత చెమట త్వరగా, ఎక్కువగా పట్టడం మొదలై, అందులో ఉప్పు తగ్గుతుంది. ఇదంతా ఉక్కలో రోజూ కాసేపు పరిగెత్తితేనే. పగలంతా ఏసీలో ఉండి ఆదివారం ఒక్కరోజే 15 కిలోమీటర్లు లాగితే రాదు.
1–4 రోజులు: 30–40 నిమిషాలు, పక్కవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగే వేగం.
5–8 రోజులు: 45–60 నిమిషాలు, అదే తీరు.
9–14 రోజులు: తేలిక పరుగు చివర 20 సెకన్ల చొప్పున ఆరు చురుకు పరుగులు, మధ్యలో ఒళ్లు కుదుటపడేదాకా నడక.
వేగం కిలోమీటరుకి 30 నుంచి 60 సెకన్లు తగ్గుతుంది, తగ్గనివ్వండి. చలికాలంలో తేలిక పరుగుకి గుండె 140 ఉంటే ఇప్పుడు 150 దగ్గర గీత గీసుకోండి. దాటితే నడక, దిగాక మళ్లీ పరుగు. రెండు వారాలయ్యాక గట్టి పరుగు వారానికి ఒకటి చాలు, అదీ ముక్కలుగా: ఆగకుండా 20 నిమిషాలు వద్దు, 5 నిమిషాల చొప్పున నాలుగు, మధ్యలో 3 నిమిషాల నడక. జూన్ సగం దాకా ఏ పరుగూ 90 నిమిషాలు దాటనివ్వకండి. 4:15కి మొదలుపెడితే సూర్యుడు లేచిన కాసేపటికే ముగుస్తుంది. 9 నిమిషాల పరుగు, 1 నిమిషం నడక లెక్కన పోతే చివరి అరగంట చెడదు.
ఇంకోటి, చేతి గడియారం చూపించే గుండె లెక్కని చెమట పట్టాక పూర్తిగా నమ్మకండి. పట్టీ జారితే అది అడుగుల చప్పుడునే గుండె చప్పుడనుకుని 170 చూపిస్తుంది. మణికట్టు ఎముకకి రెండు వేళ్లు పైన, కాస్త బిగించి కట్టండి.

బోండం_బాబాయ్
ఇంత లెక్కెందుకండీ బాబూ. పరుగయ్యాక రెండు కొబ్బరి బోండాలు కొట్టించుకుంటే అన్నీ సర్దుకుంటాయి. కోనసీమలో పుట్టి ఓఆర్ఎస్ పొట్లాల పొడి తాగడమేంటి, నామోషీ కాకపోతే!

చెమట_లెక్క
బోండం మంచిదే బాబాయ్ గారూ, కానీ చెమటలో పోయేది ప్రధానంగా సోడియం, కొబ్బరినీళ్లలో దండిగా ఉండేది పొటాషియం. ఒకటి పోతే ఇంకోటి పోస్తున్నాం. బోండంతో పాటు ఉప్పు వేసిన మజ్జిగ గ్లాసు తాగండి, అప్పుడు సరిపోతుంది.
ముందు ఎంత చెమట పోతుందో కొలుచుకోవాలి. పరుగుకి ముందు ఒంటికి వెళ్లొచ్చి, బట్టల్లేకుండా తూగాలి. పరుగయ్యాక ఒళ్లు తుడుచుకుని మళ్లీ అలాగే తూగాలి. తగ్గిన బరువు కిలోల్లో, మధ్యలో తాగింది లీటర్లలో, రెండూ కలిపితే పోయిన చెమట. మన ఉక్కలో గంటకి లీటరు నుంచి లీటరున్నర మామూలే, రెండు దాటేవాళ్లూ ఉంటారు.
లీటరు చెమటలో సోడియం మనిషిని బట్టి దాదాపు 500 మిల్లీగ్రాముల నుంచి 1500 పైదాకా ఉంటుంది. ఆరిన టోపీ అంచున, చొక్కా వీపున తెల్లటి చారలు పడితే మీరు ఎక్కువ పోగొట్టుకునే బాపతు.
గంట లోపు పరుగుకి మంచినీళ్లు చాలు. గంట దాటితే ఇంట్లో కలుపుకునేది: లీటరు నీళ్లు, ఉప్పు పావు టీస్పూను (గ్రామున్నర, అందులో సోడియం 600 మిల్లీగ్రాములకి కాస్త తక్కువ), పంచదార తలగొట్టి 8 టీస్పూన్లు, ఒక నిమ్మకాయ. పంచదార ఇంతకి మూడింతలైతే నీళ్లు కడుపులోనే నిలబడి గుడగుడలాడతాయి. చెరుకు రసం పరుగు మధ్యలో పనికిరానిది అందుకే. విడిగా చెంచాడు ఉప్పు నోట్లో వేసుకునేవాళ్లున్నారు, వాంతి గ్యారంటీ.
ఓఆర్ఎస్ పొట్లం వాడితే మొత్తం లీటరు నీళ్లలోనే కలపాలి. గ్లాసులో చిక్కగా కలిపితే ఉల్టా అవుతుంది. అసలు పొట్లం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలత ఉంటుంది: లీటరుకి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడు 1.5, ట్రైసోడియం సిట్రేటు 2.9. ఈ కొలత లేని తీపి పానీయాలు ఆ పేరు వాడకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబరులో చెప్పింది. డబ్బా వెనక చదివి కొనండి.
చివరి ముక్క: పరుగయ్యాక బరువు పెరిగితే అది ప్రమాదం. అవసరానికి మించి నీళ్లు తాగి రక్తంలో సోడియం పలచనైపోతే తలనొప్పి, వాంతులు, తికమక వస్తాయి. అప్పుడు ఇంకా నీళ్లు పోస్తే ముదురుతుంది.

రాగిజావ
తిండి వైపు రెండు మాటలు. 60 నిమిషాలు దాటే పరుగు రోజున ముందు రాత్రి పెరుగన్నంలో ఆవకాయ కలుపుకుంటే ఉప్పు సంగతి సగం తేలిపోతుంది. పొద్దున్న బయల్దేరడానికి 30 నిమిషాల ముందు పలచటి రాగి జావ గ్లాసు, లేదా చక్కెరకేళి ఒకటి. బీపీకి మాత్రలు వాడేవాళ్లు మాత్రం ఉప్పు పెంచే ముందు డాక్టరుని అడగాలి. ఆ మాత్రల్లో కొన్ని ఒంట్లో నీళ్లు లాగేస్తాయి కూడా.

లేసు_బూట్లు
ఇక కొనుగోళ్లు. మొదట కాటన్ టీషర్టులు ఇంట్లో కట్టుకోవడానికి ఉంచేయండి. కాటన్ చెమట తాగి పట్టుకుంటుంది, బరువెక్కుతుంది, ఒంటికి అతుక్కుని గాలి ఆడనివ్వదు. పలచటి పాలిస్టరు చేతుల్లేని బనియను రెండు చాలు, లేత రంగు. తీసి వెలుతురుకి పట్టుకుంటే అవతల వేళ్లు కనపడాలి, అదే పరీక్ష. బిగుతు కంప్రెషన్ చొక్కాలు మన ఉక్కకి దండగ.
రెండోది మేజోళ్లు. బూట్ల కంటే ముందు వీటికి ఖర్చు పెట్టమంటాను. నైలాన్ లేదా పాలిస్టరు కలిసినవి, మడమ దగ్గర కుట్టు లావుగా లేనివి మూడు జతలు. 40 నిమిషాలు దాటాక చెమట కాళ్ల మీదుగా జారి బూటులోకి దిగుతుంది, మన దగ్గర బొబ్బలన్నీ ఆ తడితోనే.
తొడలు, చంకలు ఒరుసుకుపోకుండా కొబ్బరినూనె రాస్తారు చాలామంది. కొబ్బరినూనె 24 డిగ్రీలకే కరుగుతుంది, పావుగంటలో చెమటతో జారిపోతుంది. వాసెలీను నిలుస్తుంది. మగవాళ్లు చనుమొనల మీద మందుల షాపులో దొరికే కాగితం ప్లాస్టరు వేసుకోవచ్చు, ఒళ్లు పొడిగా ఉన్నప్పుడే అతికించాలి.
బూట్లు రెండో జత కొనండి. ఖరీదైనది అక్కర్లేదు, పై గుడ్డ జాలీగా ఉంటే చాలు. ఒకటే జత రోజూ వాడితే ఈ కాలంలో ఎప్పటికీ ఆరదు. ఆరబెట్టే పద్ధతి ఇది: ఇంటికి రాగానే లేసు వదులు చేసి, లోపలి అట్ట బయటికి తీసి, న్యూస్‌పేపరు ఉండలు బూటు మొన దాకా కూరాలి. గంటకి ఆ కాగితం తడిసి ముద్దవుతుంది, తీసి కొత్తది పెట్టాలి. తర్వాత ఫ్యాను కింద పక్కకి పడుకోబెట్టాలి. మధ్యాహ్నం డాబా మీద పెట్టకండి. స్లాబు వేడికి జిగురు వదులుతుంది, అడుగు నురుగు గట్టిపడి వంకర పోతుంది. ఎండలో నిలిపిన కారు డిక్కీ ఇంకా అన్యాయం.

తణుకు_గట్టు
టోపీ, కళ్లద్దాలు, నడుముకి కట్టే సీసాల బెల్టు?

లేసు_బూట్లు
సూర్యుడు లేవకముందు టోపీ వద్దు, తల వేడి బయటికి పోవాలి. 6 తర్వాత జాలీ టోపీ, తడిపి పెట్టుకోండి. కళ్లద్దాలు మీ ఇష్టం. బెల్టు వద్దు, తడి నడుముని కోసేస్తుంది. అరలీటరు సీసా చేత్తో పట్టుకోవడమే మేలు. మూడో వంతు నీళ్లతో ఫ్రీజర్లో అడ్డంగా పడుకోబెట్టి గడ్డ కట్టించి, పొద్దున్న మిగతాది నింపితే 40 నిమిషాలు చల్లగా ఉంటుంది. చేతికీ చల్లదనం తగులుతుంది.

వైనతేయ_ఒడ్డు
4:15కి బయల్దేరమంటున్నారు కాబట్టి దీపం మాట చెప్పాలి. దాళ్వా (రబీ వరి) కోతలయ్యాక మన రోడ్లలో సగం ధాన్యం ఆరబోసే కళ్లమే. రాత్రి బరకాలు కప్పి అంచుల్లో రాళ్లు పెడతారు. చీకట్లో నల్ల బరకం తారులో కలిసిపోతుంది, కాలికి రాయి తగిలాకే తెలుస్తుంది. చిందిన గింజల మీద అడుగు పడితే గోళీల మీద పడ్డట్టే. తలకి కట్టే దీపమైతే మొహం నిండా పురుగులు మూగుతాయి, పైగా వెలుతురు పైనుంచి నేరుగా పడి గుంట, మిట్ట తెలియవు. దీపం నడుము దగ్గర కట్టుకుంటే రాళ్ల నీడలు పొడుగ్గా పడి దూరం నుంచే కనిపిస్తాయి. 200 ల్యూమెన్ల వెలుతురు సరిపోతుంది.
పరిగెత్తేది రోడ్డుకి కుడివైపు, బళ్లకి ఎదురుగా. దీపం లేని బస్తాల ట్రాక్టర్లు మీ వెనక నుంచి రావడం కంటే ఎదురుగా రావడం నయం. చెరువు గట్ల మీదకి చీకట్లో వెళ్లకండి: ఏరియేటర్ల (చెరువు నీళ్లలో గాలి కలిపే యంత్రాల) కరెంటు తీగలు నేల మీదే ఉంటాయి, పాములకీ అదే చోటు. కుక్కలు మొరిగితే ఆగి నడవండి, పరిగెత్తేదాన్నే అవి తరుముతాయి.

రెండో_బెర్తు
ప్రయాణాల గురించి. సంచిలో వేరే మూట పెట్టుకోండి: బనియను, నిక్కరు, రెండు జతల మేజోళ్లు, వాసెలీను చిన్న డబ్బా, బట్టల సబ్బు ముక్క, రెండు మూడు ఓఆర్ఎస్ పొట్లాలు, దీపం. బూట్లు కాళ్లకే వేసుకుని రైలెక్కండి, సంచి సగం తగ్గుతుంది. లాడ్జిలో బనియను ఉతికి, పొడి తువ్వాలులో చాపలా చుట్టి, ఆ చుట్ట మీద నిలబడి తొక్కండి. నీళ్లు తువ్వాలుకి పోతాయి, ఫ్యాను కింద మూడు గంటల్లో ఆరుతుంది. తడి మేజోళ్లు కవర్లో మూటగట్టి రెండు రోజులు తిరిగితే వేళ్ల సందులు నాని తెల్లగా పగులుతాయి.
గౌతమి ఎక్స్‌ప్రెస్‌లోనో గోదావరి ఎక్స్‌ప్రెస్‌లోనో రాత్రి ప్రయాణం చేసి దిగిన పొద్దున్న గట్టి పరుగు పెట్టుకోవద్దు. ఏసీ గాలి పొడిగా ఉంటుంది, నిద్ర చాలదు, బాత్రూముకి లేవాలని నీళ్లు తాగరు, కూర్చుని కూర్చుని పాదాలు ఉబ్బి ఉంటాయి. లేసు ఒక కన్నం వదులు చేసి 25–30 నిమిషాలు తేలికగా పరిగెత్తండి, చాలు.
పది రోజుల్లో సగం పోయినా బెంగ లేదు. వారానికి మూడు పరుగులు, 30–40 నిమిషాల చొప్పున ఉంటే ఉన్న దమ్ము నిలబడుతుంది. కొత్త ఊళ్లో రెండు కిలోమీటర్ల చుట్టు ఎంచుకుని అదే తిరగండి. కుక్కలెక్కడో, గుంతలెక్కడో మొదటి చుట్టులోనే తెలిసిపోతుంది.

మెట్ట_దారి
హైదరాబాద్‌ది వేరే కథ. మేలో అక్కడ గాలి పొడి. చెమట పట్టీ పట్టకముందే ఆరిపోతుంది, చొక్కా తడవదు, "నాకసలు చెమటే లేదు" అనుకుని నీళ్లు మానేస్తారు. తూగి చూస్తే కిలో తగ్గి ఉంటుంది. అక్కడ దాహం వేయకపోయినా 20 నిమిషాలకి రెండు గుక్కలు.
ఆగస్టుకొచ్చేసరికి ఎండ తగ్గుతుంది, మిగిలేది ఫ్లైఓవర్లు. డెల్టా వాళ్లకి దెబ్బ పడేది అక్కడే. మనది బల్లపరుపు నేల, పిక్కలకి ఎక్కుడు తెలీదు, తొడలకి దిగుడు తెలీదు. హైదరాబాద్ వెళ్లిన ప్రతిసారీ ఒక పరుగు ఎత్తుపల్లాల్లోనే పెట్టుకోండి: నిమిషం ఎక్కడం, నడుచుకుంటూ దిగడం, మొదట ఆరుసార్లు, తర్వాత పదికి పెంచండి. ఇంటి దగ్గరైతే వంతెన ఎక్కుడు దారి ఒక్కటే గతి, కానీ లారీలుండే ఇరుకు వంతెనలు వద్దు. సెలవు రోజున మెట్ట వైపు ద్వారకా తిరుమల పోతే కొండ దారి ఉంది. దిగుడు నేర్చుకోవడమే ముఖ్యం, మరుసటి రోజు మెట్లు దిగలేకపోయేది దానివల్లే.

దోహా_నుంచి
మూడు వారాలు ఇటు వస్తున్నవాళ్లకి కూడా చెప్పండి. బయట అసాధ్యం, ట్రెడ్‌మిల్లే.

నాలుగుంపావు
ట్రెడ్‌మిల్ ఎత్తు 1 శాతం, ఎదురుగా ఫ్యాను తప్పనిసరి. మనం ముందుకి కదలం కాబట్టి ఒంటికి గాలి తగలదు. ఏసీ గదిలోనే మూడు వారాలుంటే ఉక్క అలవాటు చాలావరకు పోతుంది. ఇంటికి రాగానే మళ్లీ మొదటి నాలుగు రోజుల పద్ధతి నుంచే ఎత్తుకోండి. రెండోసారి త్వరగా వస్తుంది.

చెమట_లెక్క
ఎవరూ అడగలేదు కానీ చెప్పాల్సింది ఒకటుంది. పరుగులో వడదెబ్బ ఎండ లేకపోయినా తగులుతుంది, చెమట కారుతుండగానే తగులుతుంది. "చెమట పడుతోంది కదా, ఏం కాదులే" అనుకోవడమే పొరపాటు. గుర్తులు: అడుగు తూలడం, మాట ముద్దగా రావడం, ఉక్కలో ఒళ్లు జలదరించడం, ఇవాళ ఏ వారం అంటే తప్పు చెప్పడం. చివరిది కనిపిస్తే ఇక ఆలోచించేది లేదు.
ముందు చల్లార్చాలి, తర్వాతే తరలించాలి. ఒకరు 108కి ఫోన్ చేస్తుంటే ఇంకొకరు చొక్కా తీసేసి దగ్గర్లోని బోరింగు కిందకో మోటారు గొట్టం కిందకో చేర్చాలి, తల నుంచి కాళ్ల దాకా ఆపకుండా నీళ్లు పోస్తూ విసరాలి. నీళ్లతొట్టి ఉంటే మెడ దాకా కూర్చోబెట్టి తల పట్టుకోవాలి. భీమవరం, నరసాపురం వైపు చేపల ఐసు దొరకని సందు ఉండదు. ఐసు నీళ్లలో ముంచిన తువ్వాళ్లు తలకి, చంకలకి, గజ్జలకి వేసి రెండు నిమిషాలకోసారి మార్చాలి. తికమకగా ఉన్న మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పారాసెటమాల్ పనిచేయదు, ఇది జ్వరం కాదు. జ్వరం, విరేచనాలు ఉన్న రోజూ, తగ్గిన మర్నాడూ పరుగు వద్దు.

తణుకు_గట్టు
అందరికీ దణ్ణాలండి. ఈ పొద్దున్న తూగాను. ముందు 71.2, తర్వాత 70.1, మధ్యలో 250 మిల్లీలీటర్లు తాగాను. పరుగు 50 నిమిషాలు. గంటకి 1.35 లీటర్లు అన్నమాట. ఆదివారం 90 నిమిషాలకి ఎన్ని నీళ్లు పట్టుకెళ్లాలి?

చెమట_లెక్క
1.35 అనేది 50 నిమిషాలకి. గంటకైతే 1.62. నిక్కరుతో తూగి ఉంటే ఇంకా ఎక్కువే, తడిసిన నిక్కరు, మేజోళ్లు కలిపి 200–300 గ్రాములు తూగుతాయి. 90 నిమిషాలకి 2.4 లీటర్లు పోతుంది. అంతా తాగక్కర్లేదు, తాగినా కడుపు తీసుకోదు. మీ బరువులో 2 శాతం అంటే 1.4 కిలోలు తగ్గినా ఇబ్బంది లేదు కాబట్టి మిగిలిన లీటరు తాగితే సరి, 15 నిమిషాలకి 170 మిల్లీలీటర్ల లెక్కన. చేతిలో అరలీటరు, దారిలో అరలీటరు.

వైనతేయ_ఒడ్డు
దారిలో పెట్టే సీసా ముందు రోజు సాయంత్రమే గట్టు మీద పెడతారు చాలామంది, తెల్లారేసరికి మూత చుట్టూ చీమలు. పంచదార నీళ్లు కదండీ. మంచినీళ్ల సీసా అక్కడ పెట్టి, కలిపింది చేతిలో ఉంచుకోండి. నేల మీద కాకుండా తుమ్మ కొమ్మకి కడితే కుక్కలూ లాగవు.